పావడా కట్టిన రాకెట్టు

సూళ్లూరుపేటలో రాకెట్టు లేచే రోజున గడియారాన్ని ఎవరూ నమ్మరు. రవణమ్మ దోశని నమ్ముతారు.

ఇదేం చోద్యం అనుకోకండి. రైలుకట్టకి ఇవతల, పాత సినిమాహాలు సందులో రవణమ్మ దోశల కొట్టు ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. శ్రీహరికోట దీవి మీంచి రాకెట్టు ఎగిరే రోజున ఆవిడ పొయ్యినీ పెనాన్నీ డాబా మీదికి ఎక్కించేస్తుంది. రేడియోలో లెక్క సున్నాకి రాగానే పెనం మీద ఒకే ఒక్క దోశ, కాస్త మందంగా పోస్తుంది. తూర్పున చెట్ల తలల మీద నిప్పు లేస్తుంది. జనం నోళ్లు తెరుచుకుని చూస్తారు. చప్పుడు మాత్రం అప్పుడే రాదు. వెలుగుకేం, రెప్పపాటులో వచ్చి వాలుతుంది. చప్పుడు పాపం పులికాట్ సరస్సు నీళ్ల మీదుగా పద్దెనిమిది కిలోమీటర్లు పడుతూ లేస్తూ రావాలి. అది వచ్చేసరికి యాభై మూడు సెకన్లు. గాలి ఎదురు తిరిగితే యాభై నాలుగు. ఆ ఉరుముకి పెనం పిడి వణకగానే రవణమ్మ అట్లకాడ దూర్చి దోశని తిరగేస్తుంది. అప్పటికి అడుగు ఎర్రగా, ఎక్కడా నల్లచుక్క లేకుండా వేగి ఉంటుంది.

దాని పేరు రాకెట్టు దోశ. కొత్త పనికి బయల్దేరేవాళ్లు అది తింటే ఆ పని లేస్తుందని ఊళ్లో నమ్మకం. పెళ్లిచూపులకి పోయేవాళ్లూ, పరీక్ష రాసేవాళ్లూ ముందురోజే వచ్చి తమ పేరు చెప్పి పోతారు. ముప్పై ఏళ్ల బట్టీ ఒక్కసారి కూడా ఆ దోశ మాడలేదు.

రవణమ్మకి చూపు లేదు. పందొమ్మిదేళ్ల కిందట నీటికాసుల జబ్బు రెండు కళ్లనీ తినేసింది. "పోతే పోయినయ్. దోశకి కళ్లెందుకు, చెవులుంటే చాల్దా?" అని వారం తిరక్కుండా మళ్లీ కొట్టు తెరిచింది. పిండి పడ్డప్పుడు వచ్చే చప్పుడుని బట్టి పెనం కాగిందో లేదో చెబుతుంది. గ్లాసు కింద పెట్టే తీరుని బట్టి తాగినవాడు ఇంట్లో పెళ్లాంతో గొడవపడి వచ్చాడని కూడా చెప్పేస్తుంది. ఇంక రాకెట్టు సంగతి వేరే చెప్పాలా? ఆ ఉరుము ముందు గచ్చులోంచి అరికాళ్లకి ఎక్కుతుంది, తర్వాత స్టీలు గ్లాసులు గలగలమంటాయి, ఆ తర్వాత రొమ్ము మీద ఎవరో అరచెయ్యి ఆనించి అదిమినట్టు అవుతుంది. ఆ కాసేపూ ఆవిడ మొహం చూడాలి. నీళ్లు పోసి సాంబ్రాణి పట్టిన పసిబిడ్డ మొహంలా ఉంటుంది.

"ఈసారి బరువు జాస్తిరా మస్తానూ. మూడు టన్నులకి తగ్గదు" అంటుంది ఎదురింటి టైలరుతో. మర్నాడు పేపరు చూస్తే మూడు టన్నుల చిల్లర అని ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా కన్నకూతురు వకుళ వల్ల వచ్చింది.

వకుళకి ముప్పై ఆరేళ్లు. తడ దగ్గర ఒక చిన్న పరిశోధనాశాలలో పని. రోజూ పొద్దున్నే బస్సెక్కి పోతుంది, చీకటిపడే వేళకి వస్తుంది. అమ్మతో కలిసి చట్నీకి కొబ్బరి తురుముతుంది. పని ఏమిటని ఎవరైనా అడిగితే, "చప్పుళ్ల మీదండీ" అని ఊరుకుంటుంది.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, పరిశోధనాశాల పెద్ద డాక్టర్ పెంచలయ్యని తన గదికి పిలిచింది. బల్ల మీద కరెంటు పొయ్యి, దాని మీద క్యాంటీను నుంచి అరువు తెచ్చిన కుక్కరు. కుక్కరు చుట్టూ బూడిదరంగు పొర ఒకటి గుడారంలా వేలాడుతోంది. అప్పడం కన్నా పలచన.

"పప్పు ఉడికిస్తున్నావా అమ్మాయ్?" అన్నాడాయన. మామూలుగా మాట్లాడినా మైకులో మాట్లాడినట్టుంటుంది ఆయన గొంతు.

"కాసేపు చూడండి సార్."

కుక్కరు మీది బరువు లేచింది. పొరలో వదిలిన వెంట్రుకవాసి సందులోంచి ఆవిరి సూదిలా పైకి కొట్టింది. కూత లేదు. పెంచలయ్య ఒక చెవి పక్కన చిటికె వేసుకున్నాడు, రెండో చెవి పక్కన కూడా వేసుకున్నాడు. రెండూ వినపడ్డాయి. కుక్కరు మాత్రం మూగనోము పట్టినట్టు ఆవిరి చిమ్ముతూనే ఉంది. ఆయన చెయ్యి చాచి పొరని ముట్టుకుని, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

"కూతంతా ఏమైంది?"

"వేడి అయిపోయింది సార్. లోపల కంటికి కనపడని పోగులుంటాయి. చప్పుడు తగలగానే అవి ఒకదానికొకటి రాసుకుంటాయి. అరుపంతా ఆ రాపిడిలోనే ఆరిపోతుంది."

పెంచలయ్య కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. దేశాలన్నీ కలిసి ఒక పెద్ద దుర్భిణి కడుతున్నాయి. దాని అద్దం డాబా అంత వెడల్పు, చేతిగాజు మందం. అంతరిక్షంలోకి ఎక్కించగలిగితే వేరే సూర్యుళ్ల చుట్టూ తిరిగే భూముల మీద మబ్బులున్నాయో లేదో కూడా చూడొచ్చు. ఎక్కించడమే కుదరడం లేదు. రాకెట్టు లేచేటప్పుడు పెట్టే ఘోష అంతటినీ గదిలో పుట్టించి పరీక్షించారు. మూడు అద్దాలు పెడితే మూడూ పెంకులైపోయాయి.

"రాకెట్టు అరుపే దాని కడుపులో బిడ్డకి గండం అమ్మాయ్. ఈ పొరని రాకెట్టు అడుగున చుట్టూ కట్టి, దాంతోపాటే పైకి పంపితే?"

"అడుగున వచ్చే మంటకి తట్టుకోవాలి సార్."

"తట్టుకునేట్టు చెయ్యి. ఇంకేం పని నీకు?"

వకుళ ఆ సాయంత్రం తేలిపోతూ బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. సూళ్లూరుపేట పొలిమేరలో డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు తట్టింది ఆమెకి. రాకెట్టు అరవకపోతే అమ్మకి రాకెట్టు ఉండదు. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రెండేళ్లు సాగింది.

ఈ రెండేళ్లలో పొర మంటకి తట్టుకోవడం నేర్చుకుంది. ఊరికి వినపడనంత దూరంలో చిన్న రాకెట్ల మీద కట్టి చూశారు, పనిచేసింది. కూతురు చేసిన వస్తువేదో పెద్ద రాకెట్టు మీద ఎక్కుతోందని రవణమ్మకి తెలుసు. అది ఏం చేస్తుందో తెలియదు. తెలియకపోయినా ఊరంతా చాటింపు వేసేసింది. "మా పాప చేసింది. రాకెట్టు అడుగున కడతారంట. అది లేకపోతే రాకెట్టు లేవనే లేవదంట." ఆ ఆఖరి మాట ఆవిడ సొంత కవిత్వం.

ప్రయోగానికి పన్నెండు రోజుల ముందు ఒక పొద్దున కొట్టు కిటకిటలాడుతోంది. ఎదురింటి టైలరు మస్తాన్ ఎప్పటిలాగే బెంచీ మీద కాలు మీద కాలేసుకుని రవణమ్మకి పేపరు చదివి వినిపిస్తున్నాడు. పందొమ్మిదేళ్లుగా అది అతని డ్యూటీ. పేపరులో ఉన్నదానికి నాలుగు మాటలు కలపకుండా చదవలేడు. ఆరోజు మాత్రం కలపాల్సిన అవసరం రాలేదు.

"అక్కా! మన వకుళ ఫోటో ఏసినారక్కా! సగం పేజీ! ఇనుకో. 'చప్పుడు చెయ్యని తొలి రాకెట్టు. ప్రయోగం రోజున దీవి చుట్టుపక్కల ఊళ్లకి పిట్ట కూత కన్నా ఎక్కువ శబ్దం రాదని శాస్త్రవేత్తలు...'" అతని గొంతు చివరికి వచ్చేసరికి నీళ్లలో మునిగే చెంబులా బుడబుడమని ఆగిపోయింది.

రవణమ్మ చేతిలో గరిటె ఆగింది. పెనం మీద సగం తిప్పిన దోశ సగం చందమామలా ఉండిపోయింది. లోపల కొబ్బరి తురుముతున్న వకుళకి కూడా అంతా వినపడింది.

"చప్పుడు రాదా?" అంది రవణమ్మ.

"అట్టానే రాసినారక్కా. పేపరోళ్ల మాటలకేంలే, అన్నీ కోతలు."

"నీ కోతలు నాకు తెలుసు, పేపరు కోతలూ తెలుసు. ఇది కోత కాదు." గరిటె మళ్లీ కదిలింది. "మంచిదేగా. ఊళ్లో పసిబిడ్డలు జడుసుకోరు. ఎవురికిరా ఎర్రకారం, నీకేనా?"

అంతే. ఆ పూట ఇంక ఆ మాట ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. కూతురితో మాట్లాడింది, తినమంది, గొడుగు మర్చిపోతున్నావని గుర్తుచేసింది. కానీ నవ్వలేదు. రవణమ్మ నవ్వని ఇంట్లో మూడు రోజులుండడం ఎంత కష్టమో వకుళకి తెలిసొచ్చింది. తిట్టినా బాగుండేది.

ఈలోగా మస్తాన్ పుణ్యమా అని ఊరికి కొత్త కబురు దొరికింది. అడుగున చుట్టూ వేలాడేది పావడా కాకపోతే మరేంటని అతను అన్నాడు. అంతే, వకుళ సందులో కనపడితే చాలు, "అదుగో, రాకెట్టుకి పావడా కట్టిన పిల్ల!" అని నవ్వడం మొదలెట్టారు.

నాలుగో రోజు సాయంత్రం రవణమ్మ పిండి కలుపుతుంటే వకుళ వెళ్లి పక్కన కూర్చుంది.

"చెప్పకపోవడం తప్పేనమ్మా."

"తప్పే" అంది రవణమ్మ. పిండిలో చెయ్యి తిరుగుతూనే ఉంది. "కళ్లు పోయినప్పుడు నేను ఏడవలేదు పాపా. నువ్వు చిన్నపిల్లవి, నీ ముందు ఏడిస్తే జడుసుకుంటావని. ఆ నెల్లోనే రాకెట్టు లేచింది. డాబా మీద కూచోబెట్టినారు. గచ్చంతా అదిరింది. ఓహో, ఇది నాకుండాదిలే అనుకున్నా. చందమామ పోయె, నీ మొహం పోయె, ఇదొకటి మిగిలింది గదా అనుకున్నా. ఇప్పుడు అది కూడా నా కూతురే తీసేసిందంటే, ఏం చెప్పాలో తెలీక గమ్మునుండా. కోపం కాదు."

వకుళ కళ్లు తుడుచుకుని, మూడు రోజులుగా దాచుకున్న మాట బయటపెట్టింది.

"నీకు చప్పుడు వస్తుందమ్మా. నేను చూసుకున్నా. పొరలో మన ఊరివైపు రెండు జానల సందు వదిలేస్తే చాలు. మునుపటంత కాదు గానీ, గ్లాసులు కదిలేంత వస్తుంది. ఆఖరి కొలతలు ఇచ్చేది నేనే. శుక్రవారం లోపల ఇవ్వాలి. ఎవరికీ చెప్పక్కర్లేదు."

రవణమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. వకుళ ఆ వెలుగు చూసింది, అందుకే ఆ తర్వాత ప్రశ్న మరీ గట్టిగా తగిలింది.

"దాని వల్ల ఆ అద్దానికి ఏం కాదు గదా?"

వకుళ జవాబు చెప్పబోయింది. ఏమీ కాదు అని చెప్పడానికి నోరు కూడా తెరిచింది. ఆమె వేసిన లెక్కలో ఉన్నది వేరు. సందు లేకపోతే అద్దం పగిలేది వెయ్యింట ఒక్కసారి. సందు వదిలితే ముప్పైసార్లకి ఒక్కసారి.

"ఊపిరి పీల్చినావు గానీ మాట బయటికి రాలా" అంది రవణమ్మ. "నాకు వినపడదనుకున్నావా?"

"చాలా తక్కువమ్మా. ఎక్కడో ఒకటి..."

"పాపా, నేను పిండిలో సోడా ఎయ్యను. ఎందుకెయ్యను? ఏస్తే చిటికెలో పొంగుద్ది. తినేవాడికి తెలీదు. వాడికి తెలీదు గానీ నాకు తెలుసు గదా! రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే లేచి, చెయ్యి నొప్పెట్టేదాకా కలిపేది అందుకే. అట్టాంటి దాని కడుపున పుట్టి, రెండు జానలు సందు వదిలేస్తావా? నా చెవుల కోసం? ఆ అద్దం పగిలితే ఆ పగిలిన చప్పుడు నాకు జన్మంతా వినపడతా ఉంటది. దానికన్నా ఏమీ వినపడకపోవడమే మేలు."

వకుళకి తల ఎత్తడానికి సిగ్గేసింది. తల్లి పిండి చేత్తోనే కూతురి గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"మూసెయ్. పూర్తిగా, దారం దూరే సందు కూడా లేకుండా మూసెయ్. ఆ రోజు పెనం డాబా మీదికి ఎక్కిస్తా. జనం వస్తారు గదా, ఏం పెట్టను మరి?"

"చప్పుడు లేకుండా దోశ ఎప్పుడు తిరగేస్తావమ్మా?"

"యాభై మూడు దాకా లెక్కపెట్టలేనా? నిన్ను డిగ్రీ దాకా చదివించింది లెక్కలు రాకుండానేనా?" అంది రవణమ్మ. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. వకుళకి ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం నాడు వకుళ కొలతలు ఇచ్చేసింది. సందు లేదు. పెంచలయ్య అవి చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, "ఆ రోజు పెద్దవాళ్లందరితోపాటు దీవి మీద తెరల ముందు నీకూ కుర్చీ వేయిస్తున్నాను" అన్నాడు.

"నేను ఇంటి దగ్గర ఉంటాను సార్."

"నీకేమైనా పిచ్చా? దేశదేశాల వాళ్లు నీతో చెయ్యి కలపాలని వస్తుంటే?"

"మా అమ్మ దోశ పోస్తుంది సార్."

సూళ్లూరుపేటలో పుట్టి పెరిగినవాడు కాబట్టి పెంచలయ్యకి ఆ మాట అర్థమైంది. "అయితే సరే. ఏ సంగతైనా నీకే ముందు ఫోను చేస్తాను" అన్నాడు.

ప్రయోగం రోజు పొద్దున తొమ్మిదింటికల్లా డాబా నిండిపోయింది. చుట్టూ ఉన్న డాబాలు, రైల్వే వంతెన, నీళ్ల ట్యాంకు మెట్లు, ఎక్కడ చూసినా జనమే. చప్పుడు లేని రాకెట్టంటే చూడాలని నాయుడుపేట నుంచి కూడా వచ్చారు. ఆ రోజు రాకెట్టు దోశ పోస్టాఫీసు గుమాస్తాది. డ్రైవింగు పరీక్షకి అప్పటికి నాలుగుసార్లు పోయి, నాలుగుసార్లూ అదే స్తంభాన్ని గుద్దొచ్చాడు. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పళ్లెం పట్టుకుని పెనం పక్కనే నిలబడ్డాడు.

రవణమ్మ కొత్త చీర కట్టుకుంది. గరిటె చేతిలో ఉంది. మొహం నిమ్మళంగానే ఉంది గానీ, ఎడమచెయ్యి పిండి గిన్నె అంచుని అవసరం కన్నా గట్టిగా పట్టుకోవడం వకుళ చూసింది. అక్కడ అద్దం, ఇక్కడ అమ్మ. ఏది పగిలినా తన చేతి పనే.

రేడియోలో లెక్క మొదలైంది. మూడు, రెండు, ఒకటి, సున్నా.

పిండి సుయ్యిమంది. రవణమ్మ పెదాలు కదిలాయి. "ఒకటి, రెండు, మూడు..."

తూర్పున నిప్పు లేచింది. మామూలుగా లేచేట్టే, చెట్ల మీంచి, తెల్లగా, కళ్లు చెదిరేట్టు. "లేచిందక్కా!" అని మస్తాన్ అందుకున్నాడు. "పావడా కట్టుకుని, తల్లీ, పేరంటానికి పోయినట్టు పోతా ఉండాదక్కా!"

"పదకొండు, పన్నెండు, పదమూడు..."

పదిహేడు దగ్గర రవణమ్మ ఆగిపోయింది.

పక్క డాబా మీద ఎవరో ఈల వేశారు. దాని వెనకే సందులోంచి కేకలు లేచాయి. తర్వాత రైల్వే వంతెన మీంచి, కాస్త ఆలస్యంగా, ఇంకో కేక వచ్చింది. ఆ తర్వాత బజారు వైపు నుంచి, ఆ తర్వాత ఎక్కడో సరస్సు గట్టు వైపు నుంచి, సన్నగా, దూరంగా ఇంకొకటి. ఆడవాళ్ల గొంతులు, ముసలివాళ్ల గొంతులు, బడిపిల్లలందరూ కలిసి పెట్టే కీచుకేకలు. రవణమ్మ మొహం ఒక్కో కేక వైపుకీ తిరిగింది.

"ఏందిది? ఎవురు వీళ్లంతా?"

"మన ఊరోళ్లేనక్కా! ఇంకెవురు?"

"ఇన్నాళ్లూ ఇట్టానే అరిచేవాళ్లా?"

"ప్రతిసారీ అరిచేవాళ్లమే! గొంతులు చించుకునేవాళ్లం! ఉరుము వచ్చేదాకా కాచుకుని దాంతోపాటే గదా అరిచేది, ఆ రొదలో ఎవురికి వినపడిందీ?"

అంతలో ఊరి గోలంతా ఒక్కసారి ఆగిపోయింది. ఒకళ్లూ ఇద్దరూ కాదు, డాబాలన్నీ, వంతెనా, గట్టూ, అంతా. ఎవరూ ఊపిరి కూడా తీసుకోనట్టుంది. మస్తాన్ కూడా నోరు మూశాడు. రవణమ్మ వకుళ చెయ్యి వెతికి పట్టుకుంది.

"మబ్బులోకి దూరింది" అంది ఆవిడ. అడగలేదు, చెప్పింది.

"అవునమ్మా."

"గమ్మునుండు. చెప్పబాక."

ఆవిడ మొహం పైకెత్తింది. మాడు వాసన వచ్చింది. పోస్టాఫీసు గుమాస్తా పళ్లెం పట్టుకుని నిలువుగుడ్లేసుకుని, "అమ్మా, దోశ!" అన్నాడు. "మాడనీ నాయనా!" అంది రవణమ్మ, మొహం దించకుండా. ముప్పై ఏళ్లలో ఎవరూ ఆవిడ నోట వినని మాట అది.

సరిగ్గా అప్పుడు ఊరంతా ఒకే గొంతుతో, "అదుగో!" అంది.

ఆ మాటతోపాటే రవణమ్మ తల కొంచెం ఎడమకి, ఇంకొంచెం పైకి తిరిగింది. మబ్బు దాటి రాకెట్టు బయటపడ్డది సరిగ్గా అటువైపే. జనం మొహాలు ఎటు తిరిగితే అటే తిరుగుతూ, ఊరి కేకలు మబ్బుని దాటి, వంగి, సముద్రం మీదికి పోతున్న దాని వెంటే పోయాయి. పెద్దవై, చిన్నవై, ఆఖరికి ఒక్కరిద్దరి గొంతుల్లో మిగిలాయి. సరస్సు గట్టున ఎవరికో మంచి చూపున్నట్టుంది, అందరి కన్నా ఆఖరున ఆగింది అతనే. అంతదాకా రవణమ్మ తల దాని వెంటే తిరుగుతూ వచ్చింది. పందొమ్మిదేళ్లలో ఆవిడకి ఉరుము వినపడింది గానీ, రాకెట్టు ఏ మూలకి పోతోందో ఎప్పుడూ తెలియలేదు.

పెనం మీద దోశ బొగ్గయిపోయింది. పోస్టాఫీసు గుమాస్తా అదే కావాలని పట్టుబట్టి, ఎర్రకారం నిండా పులుముకుని, కరకరా నమిలేశాడు.

జనం దిగిపోవడం మొదలెట్టారు. రవణమ్మ పొయ్యి ఆర్పి, కొంగుతో మొహం తుడుచుకుని, డాబా పిట్టగోడకి ఆనుకుని కూర్చుంది.

"ఆ ఉరుము ఇంక నాకు లేదు పాపా. లేనిదాన్ని ఉండాదని చెప్పను. దానికోసం ఒకరోజు తీరిగ్గా కూచోని ఏడుస్తా. ఈరోజు కాదు, ఈరోజు మనసు బాగుండాది."

ఇంతలో వకుళ ఫోను మోగింది. పెంచలయ్య గొంతుకి స్పీకరు అక్కర్లేదు, డాబా అంతా వినపడింది. "అద్దం కక్ష్యలో ఉంది అమ్మాయ్! ముక్క పోలేదు, గీత పడలేదు! నిక్షేపంగా ఉంది! ఇక్కడ అందరూ నీ పేరే..." ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. వకుళ అమ్మ పక్కనే గచ్చు మీద చతికిలబడింది. రెండేళ్ల భయం ఒక్కసారిగా ఒంట్లోంచి దిగిపోయింది.

రవణమ్మ కూతురి భుజం తడిమి, చేతిని అక్కడే ఉంచింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు."

"చెప్పమ్మా."

"ఇంతమంది గొంతులు విన్నా. వంతెన మీద ఆ స్టేషను మాస్టరు పెళ్లాం గొంతు కూడా పట్టేశా. మస్తాన్‌ది సరే, వాడిది వద్దన్నా వినపడుద్ది. నీ కోసం కూడా వెతికినా. పక్కనే ఉన్నావే, నీ గొంతు యాడ?"

"భయమేసిందమ్మా. అద్దం ఏమవుద్దో, నువ్వేమవుతావో అని. నోరు రాలేదు."

"నీ రాకెట్టుకి ఊరంతా కేకలేస్తే, నువ్వు వెయ్యలేదా?"

"లేదు."

"ఇప్పుడు వెయ్యి."

"అది ఎప్పుడో పోయింది గదమ్మా! ఆకాశంలో ఏముందని?"

"పోతే పోనీ. అందరి కేకలతో దాన్ని అంతదాకా చూసినా. నీ కేక ఒక్కటి తక్కువైంది. కూచోని కాదు, లేచి నిలబడు. బిన్నా కానీ!"

వకుళ లేచింది. సిగ్గుతో అటూ ఇటూ చూసింది. మెట్ల దగ్గర మస్తాన్ ఆగి చూస్తున్నాడు. సముద్రం వైపుకి తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఊపిరి నిండా పీల్చింది. మొదటి కేక సగంలోనే జీరబోయింది. రెండోది అలా కాదు. రెండేళ్లుగా గొంతులో అడ్డంపడ్డదంతా తోసుకుని వచ్చింది, ముప్పై ఆరేళ్ల మనిషి మూడేళ్ల పిల్లలా ఎగిరి గంతేసి మరీ అరిచింది. సందులో పోతున్నవాళ్లు ఇంకో రాకెట్టు లేచిందేమోనని గబగబా తూర్పుకి తిరిగి చూశారు.

రవణమ్మ మొహం కూతురి గొంతు వైపుకే తిరిగి ఉంది.

"ఆఁ" అంది ఆవిడ, చేతులు చాచి. "ఇప్పుడు చూసినా."